చేయి ముందు, బొమ్మ తర్వాత, పేరు చివర: చిన్నపిల్లలకు గొప్ప చిత్రకారుల్ని పరిచయం చేయడం ఎలా

మొదటిసారి నేను ఇలా చేశాను. వాన్ గో వేసిన 'స్టారీ నైట్' రంగుల ప్రింటు తీయించి గోడకు అంటించాను. ఆయన హాలండ్‌లో పుట్టాడనీ, 1889లో ఫ్రాన్స్‌లో ఉండగా ఈ బొమ్మ వేశాడనీ చెప్పాను. మా పిల్లలు, పక్కింటి పిల్లలు కలిపి ఆరుగురు. "ఇప్పుడు మీరూ ఇలాగే వేయండి" అన్నాను. పావుగంటలో ఒక ఐదేళ్ల బాబు కాగితాన్ని బోర్లించేశాడు. "నాకు బొమ్మలు రావాంటీ" అన్నాడు. అంతకుముందు రోజు దాకా దొరికిన ప్రతి గోడ మీదా బొమ్మలు గీసినవాడు వాడు.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. తప్పు వాడిది కాదు, నేను పెట్టిన పనిది. ఓ మహా చిత్రకారుడు ఏళ్ల తరబడి కష్టపడి చేరుకున్న చోటికి వాణ్ని ఒక్క గంటలో రమ్మన్నాను. ఆయన చేయి ఏం చేసిందో, ఎందుకలా చేసిందో ఒక్క ముక్క కూడా చూపించలేదు.

అప్పటినుంచి వరస తిరగేశాను. ముందు చేతికి పని. తర్వాత బొమ్మ. అన్నిటికన్నా చివర పేరు. అరగంట సేపు కత్తెరతో కుస్తీ పట్టిన పిల్ల, రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేసిన మటీస్ బొమ్మను చూసే తీరు వేరు. తాపీ మేస్త్రీ ఇంకొకరు కట్టిన గోడను చూసినట్టు చూస్తుంది, ఇక్కడ ఎలా తిప్పాడో, అక్కడ ఎందుకు ఆపాడో అని. ఈ పద్ధతిలో నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలతో మా ఇంట్లో బాగా కుదిరిన పనులు కింద రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు

సామాను తక్కువుంటేనే మంచిది. పోస్టర్ రంగుల్లో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు చాలు. నలుపు మొదటి నెలంతా దాచేయండి. నలుపు కనబడితే పిల్లలు ప్రతి రంగులోనూ కలిపి చివరికి బురద చేస్తారు, ఆ తర్వాత ఏడుస్తారు. రంగు సీసా ఎప్పుడూ పిల్లల ముందు పెట్టకండి. నీళ్ల సీసా మూతల్లో కొంచెం కొంచెంగా పోసి ఇవ్వండి. బ్రష్షులు సన్నవి వద్దు, గట్టి వెంట్రుకలున్న బల్లపరుపువి రెండు కొనండి. చార్టు కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి ఒక పూటకు సరిపోతుంది. పాత పెళ్లి శుభలేఖలు, అట్టపెట్టెలు పారేయకుండా దాచుకోండి. కింద పాత దుప్పటి, పక్కన తడిగుడ్డ, పిల్లల ఒంటి మీద నాన్నగారి పాత టీషర్టు ఉంటే మరకల గురించి మీరు అరవాల్సిన పని ఉండదు. అది చాలా ముఖ్యం. ఒక్కసారి అరిచారంటే ఆ పూటకి పిల్లల చేయి బిగుసుకుపోతుంది.

సమయం నలభై ఐదు నిమిషాలు. అందులో బొమ్మ చూపించి మాట్లాడటం చివరి పది నిమిషాలే. చూపించే బొమ్మ ఫోన్‌లో వద్దు. అందులో పది అడుగుల చిత్రమూ, అరచేతిలో పట్టే చిత్రమూ ఒకే సైజులో కనిపిస్తాయి. దగ్గర్లోని జిరాక్స్ షాపులో ఏ3 సైజు రంగుల ప్రింటు తీయించండి.

మొదటి పూట: బల్ల కింద మైకెలాంజిలో

దీనితోనే ఎందుకు మొదలుపెట్టాలంటే, బొమ్మలు రావనుకునే పిల్లలు కూడా ఇందులో నవ్వుతూ దిగుతారు. డైనింగ్ టేబుల్ అడుగున చార్టు కాగితాన్ని టేపుతో అంటించండి. పిల్లల్ని బల్ల కింద కూర్చోబెట్టి, తల పైకెత్తి, చేయి పైకి చాపి క్రేయాన్లతో గీయమనండి. ఏం గీయాలో చెప్పకండి. రెండు నిమిషాలు దాటగానే "చేయి నొప్పెడుతోంది" అని మొదలవుతుంది. ఇంకో రెండు నిమిషాలు గీయనివ్వండి.

బయటికొచ్చాక రోమ్ నగరం లోపలే ఉండే వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు చూపించండి. "ఈయన కూడా మీలాగే పైకి చూస్తూ గీశాడు. 1508లో మొదలెడితే పూర్తయ్యేసరికి 1512 వచ్చింది" అని చెప్పండి. ఆయన వెల్లకిలా పడుకుని వేశాడని చాలామంది అంటారు. అది నిజం కాదు, పరంజా మీద నిలబడి, తల వెనక్కి వంచి వేశాడు. మెడ పట్టేసిందనీ, రంగు చుక్కలు ముఖం మీద పడుతున్నాయనీ ఆయనే ఒక పద్యంలో మొరపెట్టుకున్నాడు. ఈ మాట విన్నాక పిల్లలు మెడలు రుద్దుకుంటూ బొమ్మ వైపు చూసే చూపు మళ్లీ మళ్లీ చూడాలనిపిస్తుంది. పేరు కష్టమే అయినా ఆ రోజు ఒక్కరూ మర్చిపోరు.

మటీస్: కత్తెరే కుంచె

ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ మటీస్ 1941లో పెద్ద ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం మంచం మీదా, చక్రాల కుర్చీలోనే గడిచింది. కాన్వాసు నిలబెట్టే ఈజిల్ ముందు గంటల కొద్దీ నిలబడటం కుదరదు. అందుకని సహాయకులు కాగితాలకు నిండుగా రంగులు పూసి ఇస్తే, ఆయన కత్తెర పట్టి ఆ రంగుల్లోంచే ఆకారాలు కత్తిరించేవాడు. ఆ ముక్కల్ని గోడ మీద ఎక్కడ గుచ్చాలో కూర్చున్నచోటు నుంచే చెప్పేవాడు. ఈ సంగతులేవీ పిల్లలకు ముందు చెప్పొద్దు. చేయించండి.

దీనికి రెండు రోజులు కావాలి.

1. మొదటి రోజు ఒక్కో కాగితానికి ఒక్కో రంగు, అంచుల దాకా నిండుగా పూయించండి. బొమ్మలేమీ వద్దు, గోడకు సున్నం వేసినట్టు వేయడమే. బ్రష్షు గీతలు కనిపించినా ఫర్వాలేదు, మటీస్ కాగితాల మీదా కనిపిస్తాయి. ఐదారు రంగులు వచ్చేలా చూడండి. నారింజ, ఆకుపచ్చ, ఊదా పిల్లలే కలుపుకుంటారు.

2. రాత్రంతా ఆరనివ్వండి. వంకర్లు పోతే లావుపాటి పుస్తకాల కింద పెట్టండి.

3. రెండో రోజు మొద్దు మొనల కత్తెరలు ఇవ్వండి. పెన్సిల్ మాత్రం ఇవ్వకండి. ఈ పనిలో ప్రాణమంతా అక్కడే ఉంది. ముందు గీత గీసి, గీత మీద కత్తిరించడం కాదు, కత్తెరతోనే గీయడం.

4. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి "లేవకూడదు" అని ఆట పెట్టండి. ముక్కలు అంటించే పని మీది, చెప్పే పని తనది. "పైకి పెట్టమ్మా. ఊహూఁ, ఇంకొంచెం పక్కకి. ఆకుపచ్చ దాని మీదకి ఎక్కాలి." ముందు మాస్కింగ్ టేపుతో తేలిగ్గా అతికించండి, మనసు మార్చుకోవడానికి వీలుంటుంది. నచ్చాకే జిగురు.

కత్తెర దగ్గర కాసేపు ఆగాలి. నాలుగైదేళ్ల పిల్లలు కత్తెరను గుండ్రంగా తిప్పాలని చూస్తారు, మోచేయి గాల్లోకి లేస్తుంది, కాగితం చిరుగుతుంది. వెనక కూర్చుని రెండు చేతులూ పట్టుకుని చూపించండి. బొటనవేలు పైకి చూస్తూ ఉండాలి, కత్తెర ఉన్నచోటే ఉండాలి, తిరగాల్సింది ఎడమ చేతిలో ఉన్న కాగితం. మా చిన్నదానికి ఇది ఒంటబట్టిన క్షణం నాకింకా గుర్తే. నీలం కాగితం నెమ్మదిగా తిరుగుతోంది, దాని నాలుక పెదాల మధ్య నుంచి ఆ పక్కకే తిరుగుతోంది, చివరికి పొడుగాటి చుట్ట ఒకటి ఒళ్లో పడింది. దాన్ని పైకెత్తి వెలుతురులో పట్టుకుని, "ఇది మధ్యలో ఖాళీగా ఉంది, అది కూడా బొమ్మే" అంది. ఐదేళ్ల పిల్ల. ఆ మాట నేర్పడానికి నా దగ్గర పాఠమేదీ లేదు.

మూడేళ్ల వాళ్లయితే కత్తెర వద్దు, చింపనివ్వండి.

ఆఖర్న 'నత్త' చిత్రం చూపించండి. 1953లో, ఎనభై దాటిన వయసులో చేసింది. లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది, ఒక్కో వైపు తొమ్మిది అడుగులకు పైనే. రంగు ముక్కలన్నీ గుండ్రంగా సర్దుకుని ఉంటాయి. పేరు చెప్పకుండా "ఏమిటిది?" అని అడగండి. వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే ప్రహరీ గోడ మీద నిజం నత్త కూడా దొరుకుతుంది.

మోనే, గడ్డివాము

1890, 91ల్లో చిత్రకారుడు క్లోడ్ మోనే ఫ్రాన్స్‌లోని జివెర్నీ అనే పల్లెలో తన ఇంటి దగ్గరి పొలంలో ఉన్న కుప్పల్నే పదేపదే వేశాడు. గోధుమ పనలు గుండ్రంగా పేర్చి పైన కప్పు వేసిన కుప్పలు అవి, మన వరికుప్పలకు దగ్గరి చుట్టాలు. కుప్పలే వాటి విషయమైన చిత్రాలు సుమారు పాతిక ఉన్నాయి. ఒకేసారి చాలా కాన్వాసులు పక్కన పెట్టుకునేవాడు. వెలుతురు మారగానే ఒకటి పక్కన పెట్టి, ఆ వెలుతురుకు సరిపోయే ఇంకొకటి అందుకునేవాడు.

సంక్రాంతికి ఊరెళ్తే ఇంతకన్నా మంచి పని లేదు. గడ్డివాము ఉంటే అదే తీసుకోండి. లేదంటే డాబా మీద మందారం కుండీ, పెరట్లో బోర్లించిన బిందె, ఏదైనా సరే, కదలకుండా ఎండలో ఉండాలి. కాగితాన్ని మూడు మడతలు పెట్టి మూడు గళ్లు చేయండి. పొద్దున ఏడింటికి ఒక గడి, మిట్టమధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఐదున్నరకు ఒకటి. ఆయిల్ పాస్టెల్స్ వాడితే మేలు, నీళ్లూ బ్రష్షులూ మోసుకెళ్లే పని ఉండదు. ఒక్కో గడికి పది నిమిషాలు మించొద్దు.

ఇక్కడ మీ నోటి నుంచి రాకూడని మాట "గడ్డి ఏ రంగులో ఉంటుంది?" అది అడిగితే పిల్లలు కళ్లతో చూడటం మానేసి, తెలిసిన జవాబు చెప్పేస్తారు. "ఇప్పుడు ఏ రంగులో ఉంది?" అని అడగండి. నీడ గురించి కూడా అడగండి. నీడంటే నలుపే అని అందరూ అనుకుంటాం. సాయంత్రం ఎండలో కళ్లు కొంచెం చికిలించి చూడమంటే "నీలంగా ఉందే" అనే పిల్ల ఒక్కరైనా ఉంటారు. ఆ నీలం నేను కూడా వాళ్ల వల్లే చూశాను.

మూడు గళ్లూ అయ్యాక, రాత్రి అన్నాలయ్యాక, మోనే కుప్పలు నాలుగు పక్కపక్కన పెట్టి "ఏది పొద్దున? ఏది సాయంత్రం?" అని అడిగితే చాలు. పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి.

సరా చుక్కలు

మన పిల్లలకు చుక్కల ముగ్గు తెలుసు. ముగ్గులో చుక్కల్ని గీతతో కలుపుతాం. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సరా కలపకుండా వదిలేశాడు, కలిపే పని మన కంటికి అప్పగించాడు.

చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లలు (ఇయర్ బడ్స్), ఎరుపు, పసుపు రంగులు చాలు. పోస్ట్‌కార్డులో సగం ఉండే కాగితం మీద ఒక పండు గీసి, లోపలంతా రెండు రంగుల చుక్కలూ పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టించండి. కాగితాన్ని గోడకు అంటించి గది అవతలి దాకా నడిచి వెనక్కి చూడమనండి. నారింజ పండు కనిపిస్తుంది. చాలా చోట్ల పసుపు, నీలం చుక్కలు పెడితే ఆకుపచ్చ వస్తుందని చెబుతారు. ఎక్కువసార్లు వచ్చేది బూడిద ఛాయే, పిల్లలు నిరాశపడతారు. రంగులు మూతలో కలిస్తే ఒకలా, కంట్లో కలిస్తే ఇంకోలా ఉంటాయి. అందుకే ఎరుపు, పసుపుతోనే మొదలెట్టండి.

కాగితం చిన్నదిగా ఉండాలని పట్టుబడుతున్నది ఓపిక కోసం. పెద్ద కాగితమిస్తే పది నిమిషాల్లో చుక్కలు పోయి గీతలొస్తాయి. తర్వాత టేపు తెచ్చి గోడ మీద రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు కొలిచి చూపించండి. సరా వేసిన 'గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం మధ్యాహ్నం' దాదాపు అంత ఉంటుంది. 1884లో మొదలుపెట్టి 1886లో ముగించాడు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అక్కడున్న మన తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి ఎదురుగా నిలబెట్టొచ్చు.

వాన్ గో: ఈసారి సరిగ్గా

పైన చెప్పిన నా పొరపాటును దిద్దుకున్నది ఇలా. బొమ్మ దాచేశాను. ఒక చెంచా మైదా, ఒక చెంచా ఫెవికాల్, రెండు చెంచాల పోస్టర్ రంగు కలిపితే అట్లపిండికన్నా చిక్కటి ముద్ద వస్తుంది. కాగితం ముడుచుకుపోతుంది కాబట్టి అట్టముక్క ఇచ్చాను. బ్రష్షు బదులు పాత దువ్వెన, ఫోర్కు, ఐస్‌క్రీమ్ పుల్లలు. "గాలి ఎలా తిరుగుతుందో చేయి అలా తిప్పండి" అన్నాను, అంతే. ఆరడానికి ఒక రోజు పూర్తిగా పట్టింది. మర్నాడు కళ్లు మూసుకుని వేళ్లతో తడమమన్నాను. ఆ తర్వాతే బొమ్మ బయటికి తీశాను. ఆ ఐదేళ్ల బాబు ప్రింటు మీద కూడా వేళ్లు పెట్టి వెతికాడు. "ఇందులో గట్లు లేవేంటి ఆంటీ?" అన్నాడు. అసలు చిత్రంలో ఉంటాయనీ, అది న్యూయార్క్‌లో ఉందనీ చెప్పాను.

వాన్ గో తన చెవి తనే కోసుకున్న కథ చిన్నపిల్లలకు అక్కర్లేదు. ఆరోగ్యం బాగాలేక ఆసుపత్రిలో ఉండగా, అక్కడి కిటికీలోంచి చూసిన ఆకాశాన్ని మనసులో పెట్టుకుని వేశాడనీ, తమ్ముడు థియోకి వందల ఉత్తరాలు రాశాడనీ చెప్పండి. తమ్ముడు అనేసరికి పిల్లలకు మనిషి దొరుకుతాడు.

చింతపిక్కల జిగురు: జామినీ రాయ్, చేర్యాల, వైకుంఠం

వరసగా విదేశీ పేర్లే వింటే చిత్రకారులంటే సముద్రాలవతల ఉండేవాళ్లని పిల్లలు అనుకుంటారు. అందుకే ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

జామినీ రాయ్ 1887లో బెంగాల్‌లోని బేలియాతోడ్ అనే ఊళ్లో పుట్టాడు. కలకత్తాలో యూరప్ పద్ధతిలో తైలవర్ణాలు నేర్చుకుని, తర్వాత వాటిని వదిలేసి పల్లెటూరి పటచిత్రకారుల దారి పట్టాడు. మట్టి రంగులు, దీపపు మసి, చింతపిక్కల జిగురు వాడాడు. సామాన్యుల ఇళ్లకు చేరాలని బొమ్మల్ని తక్కువ ధరకే ఇచ్చాడు. అదే చింతపిక్కల జిగురు మన సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద కథల పటాలు వేసే నకాషీ కళాకారులూ వాడతారు. పటం కట్టే గుడ్డకు పూసే పూతలోనూ, రంపపు పొట్టు కలిపి చేసే ముసుగుల్లోనూ అదే ఉంటుంది.

చింతపిక్కలు ఓ గుప్పెడు వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి గంజిలా చిక్కబడేదాకా సన్నని సెగ మీద కలుపుతూ ఉడికించండి. పలచని గుడ్డలో వడకట్టండి. పొయ్యి పని పెద్దవాళ్లది, పొట్టు తీయడం పిల్లలది. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలుస్తుంది, ఆ తర్వాత వాసన వస్తుంది.

రంగులకి పసుపు, ముగ్గుల వేళ అరుగులకు పూసే జాజు, దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి, మెత్తగా నూరిన సుద్దముక్క సరిపోతాయి. ఒక్కోదాన్ని చెంచా జిగురులో కలిపి వాడండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని చూపించొచ్చు, కానీ సున్నం మీరే కలపండి, పిల్లల చేతికి ఇవ్వకండి. పాత తెల్ల పంచె ముక్క మీద ముందుగా జిగురులో కలిపిన సుద్ద పూసి ఆరనిస్తే రంగు బాగా పడుతుంది. పెద్ద కళ్లు, లావు గీత, నిండు రంగు, ఈ మూడే నియమాలు.

ఏం గీయాలి అంటే, ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆవిణ్ని పక్కకు తిరిగి కూర్చోమనండి. పిల్లలు చూసి గీయాల్సింది బొట్టు, ముక్కుపుడక, కొప్పు, చీర అంచు. ఆ తర్వాత తోట వైకుంఠం బొమ్మలు చూపించండి. ఆయన 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టాడు. నుదుటి నిండా బొట్టుతో, ఎర్రటి, పచ్చటి చీరల్లో తెలంగాణ ఆడవాళ్లు ఆయన బొమ్మల్లో దర్జాగా నిలబడి ఉంటారు. మా ఇంట్లో పిల్లలు ఆ బొమ్మ చూసి ఒక్కసారిగా "నాయనమ్మ!" అన్నారు. మా అత్తగారు కళ్లజోడు సర్దుకుని చాలా సేపు చూశారు.

పెద్ద పిల్లలైతే ఇంకో పూట అదే గుడ్డను పొడుగాటి పట్టీలా తీసుకుని ఎర్ర నేపథ్యం మీద ఒక కథను అడ్డగళ్లుగా వేయొచ్చు, చేర్యాల పటంలా. గుడ్డ విప్పుతూ ఒక్కో గడికి కథ చెప్పాలి.

బొమ్మ ముందు కూర్చున్నప్పుడు

నేను మూడే ప్రశ్నలు అడుగుతాను. ముందు నీ కన్ను ఎక్కడికెళ్లింది? ఈ బొమ్మలోకి దూరితే ఏం వినిపిస్తుంది? ఇక్కడ ఆయన చేయి ఎలా కదిలి ఉంటుంది? మూడోదానికి పిల్లలు నోటితో జవాబు చెప్పరు, గాల్లో చేయి తిప్పి చూపిస్తారు. అది వచ్చిందంటే ఆ పూట పని అయిపోయినట్టే.

"చాలా బాగుంది" అనే మాటను పొదుపుగా వాడండి. దాని బదులు చూసింది చెప్పండి: "ఈ మూల పసుపు ఎక్కువ వేశావు, ఇక్కడ గీత వణికింది." పిల్లలు వెంటనే ఎందుకో చెబుతారు. అక్క బొమ్మను తమ్ముడి బొమ్మ పక్కన పెట్టి పోల్చకండి. మీరు గీసిచ్చిన గీతలో రంగు నింపమనకండి. రంగులు నింపే పుస్తకాలతో పిల్లలకు కాలక్షేపం అవుతుందేమో కానీ, చిత్రకారుడు ఎక్కడ తటపటాయించాడో ఆ చోటు వాటిలో ఉండదు.

ఐదారు పూటలయ్యాక అసలు చిత్రాలున్న చోటికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉన్నాయి. గోదావరి వైపు వాళ్లకు రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయిన ఆ చిత్రకారుడు ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే వేసిన బొమ్మలు అవి. గ్యాలరీ అంతా తిప్పొద్దు. ఒక్క బొమ్మ ఎంచుకోమనండి, దాని ముందు కింద కూర్చోబెట్టి పెన్సిలూ చిన్న పుస్తకమూ ఇవ్వండి. మేం వెళ్లినప్పుడు మా చిన్నది ఒక చిత్రం దగ్గరికెళ్లి ముక్కు ఆనేంతగా చూసింది, గది ఆ చివరికి పరుగెత్తి వెనక్కి చూసింది, మళ్లీ దగ్గరికొచ్చింది. చుక్కల రోజు నేర్చుకున్న నడక అది.

ఇంటికొచ్చాక బొమ్మలన్నీ దాచలేం. నెలకొకటి పిల్లలనే ఎంచుకోమని, వెనకవైపు తారీఖు, వయసు, ఆ బొమ్మ గురించి వాళ్లన్న మాట వాళ్ల మాటల్లోనే రాసి ఫైల్లో పెట్టండి. మా చిన్నదాని నీలం చుట్ట వెనక నా రాతలో ఇలా ఉంది: "నత్త ఇంటికెళ్తోంది. వాన పడుతోంది కానీ తనకి ఇల్లు వీపు మీదే ఉంది."